సన్నివేశం దాకా వెళ్లే వాదన: తెలుగు సినిమా అభిమానులు మంచిచెడ్డలు తేల్చే తీరు

‘ఆర్ఆర్ఆర్’ (2022) ముగింపులో, పోరాటమంతా అయిపోయాక, నీకేం కావాలో చెప్పమని రామరాజు భీమ్‌ను అడుగుతాడు. తనకూ తన వాళ్లకూ చదువు కావాలని భీమ్ జవాబిస్తాడు. అప్పుడు రామరాజు జెండా మీద ‘జల్, జంగల్, జమీన్’ అని రాస్తాడు. తెర మీద ఇది కొద్ది క్షణాల్లో ముగిసిపోయే ఘట్టం. అయినా ఆ సినిమా చూసినవారి మధ్య జరిగిన వాదనల్లో బహుశా అన్నిటికన్నా బరువైనది దీని చుట్టూనే సాగింది. ఆ నినాదం కొమురం భీం పేరుతో ముడిపడి ఉన్నది. ఆదిలాబాద్ అడవుల్లో నిజాం పాలనకు ఎదురు నిలిచి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలు విడిచిన గోండు వీరుడి మాటగా జనం దాన్ని గుర్తుపెట్టుకున్నారు. సినిమాలో మాత్రం ఆ మాట అతడికి మరొకరి చేతి రాతగా అందుతుంది. తన ప్రజలకు దారి చూపిన నాయకుడు మరో నాయకుడి ముందు విద్యార్థిగా నిలబడతాడు. ఈ అభ్యంతరానికి సినిమాను ఇష్టపడినవారు ఇచ్చిన జవాబు కూడా తేలికైనదేమీ కాదు. కథ మొదటి నుంచీ నిప్పూ నీరూ అన్న జతగా ఇద్దరినీ అల్లిందనీ, చెరసాల నుంచి రామరాజును భుజాల మీద మోసుకొచ్చినవాడు భీమే కాబట్టి రుణం రెండు వైపులా ఉన్నదనీ, చదువు అడగడం లొంగుబాటు కాదు, ఆత్మగౌరవపు కోరికేననీ వారు వాదించారు.

రెండు వాదనల్లో మొదటిదే బలమైనదని చెప్పవలసి ఉంటుంది. కల్పిత కథ అని ముందే చెప్పుకున్నా, చారిత్రక వ్యక్తుల పేర్లు వాడుకున్నప్పుడు ఆ పేర్లతో వచ్చే జ్ఞాపకాన్ని కూడా కథ మోయవలసి ఉంటుంది. అల్లూరి సీతారామరాజు సైతం 1922 నుంచి 1924 వరకు మన్యంలో ఆదివాసులతో కలిసి, వారి కష్టాలే కారణంగా పోరాడినవాడు గనుక, నేర్పేవాడూ నేర్చుకునేవాడూ అన్న ఏర్పాటు అతడి చరిత్రకు కూడా అంతగా అతకదు. ఇక్కడ ఎవరిది పైచేయి అన్నదాని కన్నా గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. ఇరు పక్షాలవారూ ఒకే సన్నివేశాన్ని ముందు పెట్టుకొని, అందులో ఎవరు అడుగుతున్నారు, ఎవరు ఇస్తున్నారు, అంతకు ముందు ఏం జరిగింది అన్నవాటిని సాక్ష్యంగా చూపారు. వాదన సన్నివేశం దాకా దిగినప్పుడు అభిమాని మాట విమర్శ అవుతుంది. అక్కడిదాకా దిగకుండా బాగుంది, బాగోలేదు అన్న తీర్పు దగ్గరే ఆగిన వాదన, ఎంతసేపు సాగినా, సినిమా గురించి కొత్తగా ఏమీ చెప్పదు.

తెలుగు ప్రేక్షకులకు ఈ పనికి సరిపడే పరిభాష లేదనుకోవడం పొరపాటు. ఫస్టాఫ్, సెకండాఫ్, ఇంటర్వెల్ బ్యాంగ్, ప్రీ క్లైమాక్స్, ఎలివేషన్, బీజీఎం (నేపథ్య సంగీతం), ల్యాగ్ (సాగదీత) అన్న మాటలు ఏ పాఠ్యపుస్తకం నుంచీ రాలేదు. థియేటర్లో కూర్చున్న అనుభవం నుంచి వచ్చాయి. వీటిని చదువులేని మాటలుగా చూసే ధోరణి కొందరు విమర్శకుల్లో ఉన్నది కానీ, నిజానికి ఇవి కథన నిర్మాణాన్ని గురించిన మాటలే. మన సినిమాలో విశ్రాంతి కేవలం టీ తాగే సమయం కాదు, స్క్రీన్‌ప్లేలో ఒక స్తంభం. మొదటి సగం లేవనెత్తిన ప్రశ్నను అక్కడ ఒక ఎత్తుకు తీసుకెళ్లి వదలాలి, రెండో సగానికి కావలసిన ఆకలిని అక్కడే పుట్టించాలి. ‘ఆర్ఆర్ఆర్’లో లారీ నిండా అడవి మృగాలతో భీమ్ గవర్నర్ భవనంలోకి దూసుకొచ్చే ఘట్టం ‘పేలింది’ అని అభిమాని అన్నప్పుడు, అంతవరకు ఇద్దరు స్నేహితులూ ఒకరికొకరు దాచిపెట్టిన సంగతులన్నీ ఒకే చోట ఢీకొన్నాయని అతడు గుర్తించాడన్నమాట. ‘సెకండాఫ్ పడిపోయింది’ అన్న ఫిర్యాదు వెనుక కూడా తరచుగా కచ్చితమైన పరిశీలనే ఉంటుంది. నాయకుడి లక్ష్యం విశ్రాంతికి ముందే తీరిపోయిందనో, ప్రతినాయకుడు ఆలస్యంగా వచ్చాడనో, గతం చెప్పే భాగం వర్తమానాన్ని మరిపించేంత పొడవైందనో ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటుంది. దాన్ని విడమరచి చెప్పమని అడిగితే చాలామంది చెప్పగలరు కూడా.

ఎలివేషన్ అన్న మాట మరింత లోతైనది. ఒక పాత్ర స్థాయిని ఇతరుల చూపు ద్వారా, సంగీతం ద్వారా, కెమెరా కదలిక ద్వారా పెంచి చూపడాన్ని అభిమానులు ఎలివేషన్ అంటారు. ‘బాహుబలి’ మొదటి భాగంలో (2015) భల్లాలదేవుడి విగ్రహాన్ని నిలబెట్టే సన్నివేశాన్ని దీనికి ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ శివుడు చేసింది జారిపోతున్న తాడును పట్టి లాగడం మాత్రమే. అతడి ముఖాన్ని చూసిన ఒకరి నోట ఒక పేరు వెలువడుతుంది. ఆ పేరు గుంపంతా పాకుతుంది. అది విన్న రాజు ముఖంలో భయం కనిపిస్తుంది. ఆ పేరు ఎవరిదో శివుడికి తెలియదు, ప్రేక్షకుడికి కూడా పూర్తిగా తెలియదు. నాయకుడి గొప్పతనాన్ని పొగడ్తలతో చెప్పకుండా, ఎదుటివారికి తెలిసి అతడికి తెలియని ఒక రహస్యంగా నిలబెట్టడం వల్లనే ఆ ఘట్టానికి అంత బలం వచ్చింది. ఇదే కొలతను ఈ మధ్య వచ్చిన చాలా పెద్ద సినిమాలకు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. వాటిలో పాత్ర ఇంకా ఏమీ చేయకముందే నలుగురు నిలబడి అతడి గురించి హెచ్చరికలు చెబుతారు, నేపథ్య సంగీతం మోగుతుంది, నడక నెమ్మదిస్తుంది. ఇలాంటి ఘట్టాలు థియేటర్లో ఈలలు వేయించినా, బయటకు వచ్చాక నిలబడకపోవడానికి కారణం కథ వాటిని సంపాదించుకోకపోవడమే.

అయితే ఈ పరిభాషకు ఒక లోపం ఉన్నది. అది శిఖరాలను లెక్కపెడుతుంది గానీ లోయలను చూడదు. పరిచయ ఘట్టం, విశ్రాంతి, పతాక ఘట్టం బాగుంటే సినిమా గట్టెక్కినట్టేనన్న లెక్క అభిమానుల్లోనూ రచయితల్లోనూ స్థిరపడిపోయింది. మధ్యలో ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే సన్నివేశాలు ఎలా రాశారన్నది, వారి యాస నిజమైనదా అన్నది, సహాయ పాత్రలకు తమదంటూ ఒక కోరిక ఉన్నదా అన్నది చర్చకు చాలా అరుదుగా వస్తుంది. నటి పాత్ర గురించిన మాట అయితే ‘స్కోప్ లేదు’ అన్న రెండు ముక్కలతో ముగిసిపోతుంది. నిజానికి స్కోప్ ఎందుకు లేదు, ఏ సన్నివేశంలో ఆమెకు ఒక నిర్ణయం ఇచ్చి ఉంటే కథ మారేది అని అడగడం మొదలుపెడితే చర్చ ఎంత దూరమైనా వెళ్లగలదు.

లాజిక్ గురించిన తగవు ప్రతి పెద్ద సినిమా తర్వాతా తప్పదు. ఒక పక్షం లాజిక్ లేదంటుంది, మరొక పక్షం కమర్షియల్ సినిమాలో లాజిక్ వెతకకూడదంటుంది. ఈ రెండు మాటలూ ప్రశ్నను తప్పుగా పెడుతున్నాయి. ‘మాయాబజార్’లో (1957) ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించడం ఎలా సాధ్యమని ఎవరూ అడగలేదు. ‘ఈగ’లో (2012) హత్యకు గురైన యువకుడు ఈగగా పుట్టి పగ తీర్చుకోవడం ఏ భౌతిక సూత్రానికీ అందదు, అయినా దాన్ని లాజిక్ లేని సినిమా అన్నవారు తక్కువ. దానికి కారణం రాతలోనే ఉన్నది. ఈగ బలం ఎంతో, బలహీనత ఎంతో సినిమా ముందే నిర్ణయించుకొని, ఆ హద్దును చివరిదాకా పాటిస్తుంది. అది మనిషిని ఎత్తి విసిరేయదు. నిద్ర పట్టనివ్వదు, ఏకాగ్రతను చెడగొడుతుంది, పక్కనున్నవారి చేతనే పని చేయిస్తుంది. నాయిక బిందు సూక్ష్మ కళాకారిణి కావడం మొదట ప్రేమకథకు ఒక చిన్న అలంకారంలా కనిపిస్తుంది. తర్వాత ఈగకు కావలసిన పరికరాలు తయారయ్యేది ఆ విద్య వల్లనే. కథలో ముందు వేసిన ప్రతి విత్తూ తర్వాత మొలకెత్తుతుంది. కాబట్టి అడగవలసింది లోకంలో ఇలా జరుగుతుందా అని కాదు, సినిమా తానే పెట్టుకున్న నియమాన్ని తానే పాటించిందా అని. ఒక కథానాయకుడు ఒంటిచేత్తో యాభైమందిని కొట్టడం తప్పు కాదు. మొదటి సగంలో యాభైమందిని కొట్టినవాడు, రెండో సగంలో కథకు అవసరమైంది గనుక ముగ్గురి చేతిలో దెబ్బలు తిని పడిపోవడమే తప్పు. ఇలా అడిగితే మాస్ సినిమాను ఇష్టపడేవారూ, ఇష్టపడనివారూ ఒకే కొలబద్దతో మాట్లాడుకోవచ్చు.

ఇంత చెప్పుకున్నా, ఒకే సినిమా మీద తీర్పులు ఇంతగా వేరుపడటానికి మరొక కారణం ఉన్నది. అభిరుచుల తేడా అని సాధారణంగా అనుకునేదానిలో పెద్ద భాగం చూసిన పరిస్థితిలోని తేడా. 2014 సంక్రాంతికి వచ్చిన ‘1: నేనొక్కడినే’ ఇందుకు చాలా మంచి ఉదాహరణ. కుటుంబాలతో కలిసి, పండగ భోజనం చేసి థియేటర్‌కు వెళ్లినవారి ముందు, తన కళ్లను తానే నమ్మలేని ఒక యువకుడి కథను సుకుమార్ పెట్టాడు. తెర మీద కనిపించేది నిజమా, నాయకుడి భ్రమా అన్నది ప్రేక్షకుడు తానే తేల్చుకుంటూ పోవాలి. అక్కడ కలిగిన అయోమయం సినిమా తప్పా, సందర్భం తప్పా? విడుదలైన కొద్ది రోజులకే నిడివి తగ్గించారు గనుక మొదటి ఆటలో చూసినవారూ, వారం తర్వాత చూసినవారూ అక్షరాలా ఒకే సినిమా చూడలేదు కూడా. తర్వాత టీవీలోనూ ఇంటర్నెట్‌లోనూ తీరికగా చూసిన తరం దాన్ని మెచ్చుకుంది. దీన్ని బట్టి మొదటి ప్రేక్షకులకు అర్థం చేసుకునే శక్తి లేదని తేల్చేయడం అన్యాయం. ఒక్కసారి చూసి బయటకు వెళ్లేవాడికి దారి దొరకనంతగా మెలికలు పెట్టడం రచన లోపమేనన్న వాదనలో నిజముంది. రెండోసారి చూస్తే తెరుచుకునే నిర్మాణం ఒక గుణమన్న వాదనలోనూ నిజముంది. ఈ రెండిటినీ ఏకకాలంలో ఒప్పుకోగలిగినవాడే ఆ సినిమా గురించి సరిగ్గా మాట్లాడగలడు.

‘ఖలేజా’ (2010) కథ కొంచెం వేరు. దాదాపు మూడేళ్ల విరామం తర్వాత వస్తున్న కథానాయకుడి నుంచి జనం ఎదురుచూసింది ఒకటి. వచ్చింది దేవుడంటే ఎవరన్న ప్రశ్న చుట్టూ తిరిగే ఒక హాస్యకథ. ఒక టాక్సీ డ్రైవర్‌ను ఊరు ఊరంతా దేవుడని నమ్మితే, ఆ నమ్మకాన్ని మోయడానికి అతడు మెల్లగా సిద్ధపడటమన్నది తెలుగు వాణిజ్య సినిమాలో అరుదైన ఆలోచన. టీవీలో మళ్లీ మళ్లీ వేసినకొద్దీ అందులోని మాటలు ఇంటింటి మాటలయ్యాయి. 2025 మే నెలలో మళ్లీ విడుదల చేసినప్పుడు థియేటర్లు నిండాయి. రీరిలీజు సంబరాన్ని చూసి అప్పటి తీర్పు తప్పని వాదించేవారు ఒక విషయం మరిచిపోతారు. మాటలన్నీ కంఠస్థం వచ్చినవారు గుమిగూడి చూసే ఆటలో కథ ఎటు పోతుందన్న ఆదుర్దా ఉండదు. నెమ్మదిగా నడిచే భాగం కూడా ఇష్టమైన తర్వాతి మాట కోసం ఎదురుచూపు అవుతుంది. రీరిలీజు ఒక సినిమా మీద ఉన్న ప్రేమను చూపుతుంది; రెండో సగంలో కథనం తడబడిందా లేదా అన్నదానికి అది జవాబు కాదు.

కాలం తీర్పును మార్చడం కొత్త సంగతి కాదు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ మొదట పలచటి హాళ్లతో మొదలై, చూసినవారి మాట మీదే నిండుకుంది. అలా జరగడానికి అప్పట్లో సినిమా హాల్లో కొన్ని వారాలపాటు ఓపిగ్గా నిలిచి ఉండటం కారణం. ఈనాడు పెద్ద సినిమా ఒకేసారి వందల తెరల మీద పడుతుంది, తర్వాతి శుక్రవారానికి ఆ తెరలు వేరే సినిమాకు పోతాయి, నాలుగు వారాలు తిరిగేసరికి చాలా సినిమాలు ఓటీటీకి వచ్చేస్తాయి. తొలి ఆట నుంచి బయటకు వచ్చినవారి ‘టాక్’ మీద ఇంత భారం పడటానికి, దాని చుట్టూ ఇంత ఆవేశం పేరుకోవడానికి ఈ వ్యవస్థే మూలం. నెమ్మదిగా మనసుకు ఎక్కే సినిమాకు అవకాశం తగ్గిపోయింది. ఈ నష్టాన్ని అభిమానులు పట్టించుకోవలసినంతగా పట్టించుకోవడం లేదు.

కాలం లాగే స్థలం కూడా తీర్పులో పాలుపంచుకుంటుంది. 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ మూడు వారాలకే ఓటీటీలో వచ్చింది. ఆ తర్వాతే తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి, ఊరంతా కలిసి కూర్చొని చూశారు. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎన్నో ఏళ్ల కిందట విందులో నల్లి బొక్క (మూలుగ ఉన్న మాంసపు ఎముక) దగ్గర మొదలైన అలక కుటుంబాన్ని ఇంకా విడదీస్తూనే ఉంటుంది. ఈ సినిమా మీద వచ్చిన విమర్శ ప్రధానంగా ముగింపు గురించి. బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే పాటతో అందరూ కరిగిపోవడం మరీ సులువైన పరిష్కారమని కొందరన్నారు. పట్టణంలో ఒంటరిగా ఫోన్‌లో చూసినవారికి అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. చావు జరిగిన ఇంట్లో పెద్దకర్మ నాడు కథ చెప్పేవారు వచ్చి, పోయినవారి గుణగణాలను ఆ ఇంటివారి పేర్లతో సహా పాడటం ఎరిగిన ఊళ్లో మాత్రం ఆ ఘట్టం రచయిత కల్పించిన ఉపాయంగా కనిపించదు. బంధువులంతా ఒకచోట చేరి తప్పనిసరిగా ఏడ్చే వేళ అది. అంటే ఆ పాట కథకు బయటి నుంచి వచ్చింది కాదు, ఆచారంలోనే ఉన్నది. ఈ సంగతి తెలిస్తే ముగింపు సులువైనదన్న విమర్శ బలం కోల్పోతుంది. అయినా అప్పులపాలైన మనవడు సాయిలు, తాత చావును మొదట తన పెళ్లికి వచ్చిన అడ్డంకిగానే చూసినవాడు, ఎప్పుడు ఎలా మారాడన్నది సినిమా ఇంకాస్త వివరంగా చూపవలసిందన్న మాటను ఆచారం తోసిపుచ్చలేదు. స్థానిక జ్ఞానం ఒక విమర్శను కొట్టేసి మరొకదాన్ని నిలబెట్టడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఓటీటీ తెచ్చిన మరో మార్పు పోలిక. లాక్‌డౌన్ నాటి నుంచి మలయాళ సినిమాలను సబ్‌టైటిళ్లతోనో డబ్బింగ్‌లోనో విస్తారంగా చూస్తున్న తెలుగు ప్రేక్షకులు, తమ సినిమాలను వాటి పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టారు. ‘మలయాళంలో అయితే ఇలా తీసేవారు కాదు’ అన్న మాట ఇప్పుడు ప్రతి చర్చలోనూ వినిపిస్తుంది. గుడ్డిగా వాడితే ఆ మాట కూడా మరొక రకం అభిమానమే. మనదాకా వచ్చేవి అక్కడ ఇప్పటికే వడకట్టబడిన మంచి సినిమాలు గనుక పోలిక మొదటి నుంచీ సమానం కాదు. అయితే ఒకే కథ రెండు భాషల్లో ఉన్నప్పుడు పోలిక నిజంగా ఉపయోగపడుతుంది. ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’ (2020) అన్న పేరులోనే ఇద్దరు మనుషులు సమానంగా ఉన్నారు. ఒక పోలీసు అధికారి, పలుకుబడి ఉన్న ఒక మాజీ సైనికుడు; ఇద్దరి అహం, ఇద్దరి తప్పులు. ప్రేక్షకుడి సానుభూతి ఎటు మొగ్గాలో చెప్పకుండా, రెండు వైపులా ఊగిసలాడేలా చేయడమే ఆ రచన గొప్పతనం. తెలుగులో అది ‘భీమ్లా నాయక్’ (2022) అయ్యేసరికి పేరులో ఒక్కడే మిగిలాడు. పేరు మార్పు కథలోకి కూడా పాకింది: ఒకడు నాయకుడు, రెండోవాడు బుద్ధి తెచ్చుకోవలసినవాడు. తెలుగు సినిమాను సమర్థించేవారు స్టార్ ఉన్నప్పుడు ఇది తప్పదంటారు. తప్పదన్నది మార్కెట్ గురించిన వివరణగా సరైనదే. కానీ ఆ మార్పుతో పోయింది ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఎవరిది తప్పు అన్న ప్రశ్న ప్రేక్షకుడి చేతిలో ఉండగలిగినంతసేపే ఆ కథలో బిగువు ఉంటుంది. తీర్పు ముందే ఇచ్చేశాక మిగిలేది కొట్లాట మాత్రమే.

ఇక అంకెల సంగతి. సినిమా బాగుందని నిరూపించడానికి వసూళ్లను చూపడం ఇప్పుడు ఎంత సహజమైపోయిందంటే, గ్రాస్‌కూ షేర్‌కూ తేడా తెలియని అభిమాని అరుదు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. పన్ను, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. హక్కులు కొన్న ధరను షేర్ దాటితే బ్రేక్ ఈవెన్. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఓవర్సీస్ అంటూ ఏరియాలవారీగా లెక్కలు చెప్పుకోవడం వ్యాపారుల పని నుంచి అభిమానుల పనిగా మారింది. ఈ లెక్కల్లో నిజంగా దాగి ఉన్న అర్థం ఏమిటో చూస్తే వాటితో సినిమా గుణాన్ని కొలవలేమని వెంటనే తెలుస్తుంది. ఒక సినిమా హిట్టా ఫ్లాపా అన్నది, హక్కులను ఎంతకు కొన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒకే సినిమాను తక్కువ ధరకు అమ్మి ఉంటే హిట్టయ్యేది, ఎక్కువకు అమ్మితే ఫ్లాపయ్యేది. తెర మీద ఒక్క ఫ్రేమ్ కూడా మారదు. టికెట్ ధరలు కూడా స్థిరమైనవి కావు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో ధరలను బాగా తగ్గించి, 2022 మార్చిలో సవరించింది. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో అదనపు ధరకు ప్రత్యేక ఉత్తర్వులతో అనుమతి ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ జరుగుతూ వచ్చింది. అలాంటప్పుడు 2021 డిసెంబరులో వచ్చిన సినిమా గ్రాస్‌ను ఆ తర్వాతి వేసవిలో వచ్చినదాని గ్రాస్‌తో పోల్చి ఏది గొప్పదో తేల్చడం వృథా. పోస్టర్ మీద అచ్చయ్యే కోట్లు నిర్మాతలు ప్రకటించినవి. వాటిని పరిశీలించి నిర్ధారించే స్వతంత్ర వ్యవస్థ ఏదీ అభిమానికి అందుబాటులో లేదు.

వసూళ్లు ఏమీ చెప్పవని కాదు. రెండో వారంలో కూడా హాళ్లు నిండితే, చూసినవారు మరొకరికి చెప్పారని అర్థం, అది గౌరవించవలసిన సమాచారమే. సమస్య అంకె వాదనను ముగించడానికి వాడబడటంలో ఉన్నది. ‘ఇన్ని కోట్లు వచ్చాయి, ఇంకేం కావాలి’ అన్న తర్వాత రాత గురించి, నటన గురించి, ఛాయాగ్రహణం గురించి అడిగిన ప్రశ్నలన్నీ అసూయగా లెక్కకు వస్తాయి. ఇష్టమైన కథానాయకుడి సినిమాలోని లోపాన్ని ఒప్పుకోవడం ద్రోహంగా, ఎదుటి కథానాయకుడి సినిమాలోని మంచిని ఒప్పుకోవడం ఓటమిగా మారిపోతుంది. దీనివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఆ కథానాయకుడే. తన అభిమానుల నుంచి రావలసిన నిజాయితీ గల మాట అతడికి చేరదు, అదే మూసలో మరో సినిమా తయారవుతుంది.

సన్నివేశం దాకా దిగిన ప్రతి వాదనా తేలిపోతుందని మాత్రం అనుకోనక్కరలేదు. ‘అర్జున్ రెడ్డి’ (2017) మీద చర్చ ఇందుకు సాక్ష్యం. ఆ సినిమాను వ్యతిరేకించినవారు కచ్చితమైన సన్నివేశాలనే చూపారు: పరిచయం కూడా లేని అమ్మాయిని అనుమతి అడగకుండా ముద్దు పెట్టడం, ఆమె తనదని కాలేజీలో అందరికీ ప్రకటించడం, ఆమె మీద చెయ్యి చేసుకోవడం. సమర్థించినవారు కూడా అంతే కచ్చితంగా మాట్లాడారు. పాత్ర చేసే పనులన్నిటినీ సినిమా ఆమోదిస్తున్నట్టు కాదనీ, రెండో సగమంతా అతడి పతనమేననీ, వృత్తినీ పరువునూ పోగొట్టుకోవడం శిక్షేననీ వారి వాదం. పాత్రకూ రచయితకూ తేడా ఉన్నదన్న సూత్రం సరైనదే. అయితే సినిమా ఏ పాత్ర బాధను ఎంతసేపు చూపుతుంది, ఎవరికి సంగీతం ఇస్తుంది, ఎవరిని మౌనంగా ఉంచుతుంది అన్నవాటిలోనే దాని వైఖరి తెలుస్తుంది. అర్జున్ దుఃఖానికి గంటకు పైగా సమయం దొరికింది. ప్రీతి కాలేజీ రోజుల్లో దాదాపు మాట లేకుండానే ఉండి, చివర్లో నిండు గర్భిణిగా పార్కులో కనిపించినప్పుడు మాత్రమే తన కోపాన్నీ, తాను ఒంటరిగా పడ్డ కష్టాన్నీ నోరు తెరిచి చెబుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఆమె ఎవరో మొదటిసారి తెలుస్తుంది. ఇంత స్పష్టంగా మాట్లాడగల మనిషిని అంతసేపు మాట్లాడనివ్వకపోవడం అర్జున్ చూపులోని లోపాన్ని చూపడానికి దర్శకుడు బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటా, లేక దర్శకుడి చూపు కూడా అదేనా అన్నది ఆ సినిమాలో నిజంగా వాదించవలసిన ప్రశ్న. కాలేజీ భాగంలో ఆమె మౌనాన్ని ప్రశ్నించే షాట్ ఒక్కటైనా ఉంటే మొదటి జవాబుకు ఆధారం దొరికేది. అది కనిపించదు కాబట్టి రెండో జవాబు వైపే మొగ్గవలసి వస్తున్నది. పార్కు సన్నివేశం అంత బాగా రాసి ఉండటం వల్ల ఆ మొగ్గు కూడా పూర్తి కాలేకపోతున్నది.